ఇంద్రేశంలో నా వందన సమర్పణ

పోయిన నెలలో పటాన్‌చెరు వెళ్ళి వచ్చినప్పటి నుంచి మా ఫ్యాక్టరీ క్యాంటీనులో నేను కథలు చెప్పడం మానేశాను. ఒంట్లో బాగాలేదేమోనని అందరూ పరామర్శిస్తున్నారు. ఒంట్లో బాగానే ఉంది. మొహమే ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అయినా మీలో ఎవరైనా వచ్చే ఏడాది ఆ పోటీలకు వెళ్ళొచ్చు గనుక, రైళ్ళూ బస్సులూ బసా, ముఖ్యంగా ఇంద్రేశంలో భోజనాలు ఏ గుడారం కింద పెడతారన్నదీ రాసి ఉంచడం నా ధర్మం.

పోటీలంటే క్యారం బోర్డు పోటీలు. దేశంలో ఉన్న ఫ్యాక్టరీల ఉద్యోగులందరికీ కలిపి నాలుగు రోజుల చాంపియన్‌షిప్. మా ఫ్యాక్టరీ తరఫున నన్నూ, డబుల్స్‌లో నా జోడీ ఆంజనేయుల్నీ ఎంపిక చేశారు. ఆంజనేయులు స్టోర్సులో గుమస్తా. మాట్లాడడు. నేను ఇద్దరి మాటలూ మాట్లాడతాను కాబట్టి మా జోడీకి లోటు లేదు. మా ఆవిడకు ఆఫీసు పని మీద వెళ్తున్నానని చెప్పి, స్ట్రైకరును గడ్డం గీసుకునే పెట్టెలో బ్లేళ్ళ కింద దాచి, బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు తెనాలిలో ఆంజనేయులుతో కలిసి రైలెక్కాను.

ఆ రాత్రి ఆ రైలు పెట్టెలో కృష్ణా, గుంటూరు జిల్లాల జనాభా అంతా ఉంది. నా కుడికాలు విజయవాడలో నేల మీద ఆనింది, ఎడమకాలికి కాజీపేట దాటాక గానీ చోటు దొరకలేదు. మధ్యలో ఆ కాలు ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. ఎదురుగా సంగారెడ్డి కోర్టులో పనిచేసే ఒకాయన, ఒళ్ళో టిఫిను క్యారియరు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. తెల్లవారుజామున లేచాక అడిగాను, పటాన్‌చెరు వచ్చిందని మాకు ఎలా తెలుస్తుందని.

"అడిగే పనే లేదు సార్. కండ్లు మూస్కొని కూసున్నా ముక్కుకు తెలుస్తది" అన్నాడు.

సికింద్రాబాదులో ఆరున్నరకు దిగాం. స్టేషను బయట ఇరానీ హోటల్లో చాయ్, ఉప్పు కలిసిన బిస్కత్తు బాగుంటాయి. బిస్కత్తు ముంచి రెండు లెక్కపెట్టేలోపు తీసెయ్యాలి, మూడు అంటే కప్పు అడుగున వెతుక్కోవాలి. అక్కడి నుంచి పటాన్‌చెరుకు సిటీ బస్సు. టిక్కెట్టు ధర రాయను, మీరు వెళ్ళేసరికి పెరుగుతుంది. అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూరు దాటేసరికి ఎండెక్కింది. ఆ తర్వాత బొంబాయి రోడ్డు. లారీల మధ్య మా బస్సు పెళ్ళివారిలో ముష్టివాడిలా ఒదిగి ఒదిగి నడిచింది. కోర్టాయన చెప్పినట్టే, కళ్ళు మూసుకుని ఉన్న ఆంజనేయులు ఉన్నట్టుండి లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. మందుల ఫ్యాక్టరీల వాసన. ఆ గాలి రెండుసార్లు పీలిస్తే నా పాతికేళ్ళ జలుబు వదిలింది, మూడోసారి పీలిస్తే కొత్తది పట్టుకుంది.

బస ఒక పెద్ద ఫ్యాక్టరీ కాలనీలోని కమ్యూనిటీ హాలు. మంచం, దుప్పటి ఇస్తారు. దోమతెర మీరు తీసుకెళ్ళాలి. అక్కడి దోమలు షిఫ్టుల్లో పనిచేస్తాయి. సైరన్ మోగగానే పాతవి దిగిపోయి, ఆకలితో కొత్తవి ఎక్కుతాయి. ఓవర్‌టైము చేసే దోమలు కూడా కొన్ని ఉన్నాయి, అవి లావుగా ఉంటాయి.

గురువారం పదింటికి నా మొదటి ఆట. ఎదురుగా ఒక బెంగాలీ. బక్కపలచటి మనిషి, నమస్కారం పెడితే పడిపోయేలా ఉన్నాడు. నేను బోర్డు మీద పౌడరు చల్లి, స్ట్రైకరు తుడిచి, చూస్తున్నవాళ్ళ వైపు తిరిగి ఒక చిరునవ్వు నవ్వి, మళ్ళీ బోర్డు వైపు చూసేసరికి అది ఖాళీగా ఉంది. మధ్యాహ్నం డబుల్స్‌లో ఆంజనేయులు మూడు కాయలు వేశాడు. నేను స్ట్రైకరునే వేశాను, గోతిలోకి. సాయంత్రం చాయ్ వేళకు మేమిద్దరం ప్రేక్షకులమయ్యాం.

ఓడినవాళ్ళు మూడు రోజులు ఏం చెయ్యాలి? నిర్వాహకులకు ఆ బెంగ ముందే ఉంది. కార్యదర్శి గంటకోసారి మైకులో చెప్పేవాడు: "ఓడిపోయిన మిత్రులు నిరాశ చెందవద్దు. మీ కోసం అనుబంధ కార్యక్రమాలు ఉన్నాయి." దాంతోపాటు, ఈ పోటీలు ఎవరి స్మారకార్థం జరుగుతున్నాయో ఆ పెద్దమనిషి గుణగణాలు కూడా చెప్పేవాడు. ఇంద్రేశంలో పుట్టి, కంట్రాక్టులు చేసి పైకొచ్చిన మనిషి. క్యారం అంటే ప్రాణం. ఆడుకునే హాలు కోసం సొంత భూమిని ధారపోశాడు. గెలుపోటములను సమంగా చూశాడు. రెండేళ్ళ క్రితం కాలం చేశాడు. అన్నీ విన్నాను, పేరు మాత్రం వినలేదు. పేరు వచ్చే సమయానికి ప్రతిసారీ నేనేదో మాట్లాడుతూ ఉండేవాణ్ణి.

శుక్రవారం పంటల పరిశోధన జరిగే క్షేత్రానికి తీసుకెళ్ళారు. జొన్నచేలు చూపించారు. మా తాతలు తిన్న జొన్నకు ఇంత మర్యాద జరుగుతోందని మాకు తెలియదు. ఒక్కో కంకికి ఒక్కో సంచీ తొడిగారు, చలికాలంలో చంటిపిల్లలకు టోపీ పెట్టినట్టు.

శనివారం సంగారెడ్డి. కలెక్టరాఫీసు బయటి నుంచి, కోర్టులు బయటి నుంచి, పాత జైలు బయటి నుంచి చూపించారు. "జైలు ఇక్కణ్ణుంచే బాగుంది" అన్నాడు ఆంజనేయులు. ఆ రోజుకు అతని మాటలు అవే. కోర్టు ఎదురుగా చాయ్ తాగుతుంటే, పక్కన కూర్చున్న ముసలాయన నా చొక్కాకు ఉన్న పోటీల రిబ్బను పువ్వు చూసి, "ఏం కేసు మీద వచ్చిండ్రు?" అని అడిగాడు.

"కేసు కాదండీ, క్యారం బోర్డు."

"గది గూడ కేసు అయితదా?" అని ఆశ్చర్యపోయి, "పత్తాలకైతే అయితది" అన్నాడు. పత్తాలంటే పేకముక్కలని హోటలువాడు విప్పి చెప్పాడు. ఆ వైపు నేను నేర్చుకున్న మొదటి మాట అది. మిగతావి మర్నాడు నేర్చుకున్నాను.

ఆదివారం ఇంద్రేశంలో పల్లె భోజనం. స్మారకం పెద్దమనిషి కొడుకులు ఓడినవాళ్ళందరికీ తమ తోటలో విందు ఇస్తున్నారు. పదింటికి కాలనీ గేటు దగ్గర బస్సు. తొమ్మిదింటికే వచ్చి నిలబడ్డాం. అయితే గేటు పక్కన చాయ్ బండి ఉంది, బండి దగ్గర ఇద్దరు శ్రోతలున్నారు. బెంగాలీతో నేనాడిన ఆట మొదలుపెట్టాను. నిజంగా అది నాలుగు నిమిషాలు జరిగింది. బండి దగ్గర గంట దాటినా నేనింకా ఓడిపోలేదు. ఆంజనేయులు రెండుసార్లు నా చొక్కా లాగాడు. మూడోసారి లాగినప్పుడు బస్సు లేదు.

నడుచుకుంటూ మెయిన్ రోడ్డు మీదికి వచ్చి ఆటో పట్టుకున్నాం.

"ఇంద్రేశంల ఏడికి?" అన్నాడు ఆటో అతను.

"భోజనాలకయ్యా. పెద్ద విందుంది కదా ఇవాళ."

"ఓ, గాడికా! పొద్దుగాలనే యాటలు కోసిండ్రు. జల్ది ఎక్కుండ్రి, బోటికూర అయిపోతది."

యాట అంటే మేకపోతు. ఆంజనేయులు ఎప్పుడూ లేనిది నాకంటే ముందు ఎక్కి కూర్చున్నాడు.

దారి పొడుగునా పొలాల్లో పంటకు బదులు తెల్లరంగు వేసిన రాళ్ళు నాటారు. అవి మొలకెత్తితే మేడలవుతాయట. ఊళ్ళోకి రాగానే ఒక పెంకుటింటి ముందు గుడారం, పొయ్యిల పొగ, బారులు తీరి కూర్చున్న జనం, మైకు. ఒక కుర్చీలో మనిషి ఫొటో, దానికి బంతిపూల దండ, ముందు దీపం. స్మారకం పెద్దమనిషి! కంట్రాక్టరు ఇంత చిన్న ఇంట్లో పుట్టాడా అని నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

గుడారం దగ్గర తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఎదురొచ్చాడు. మా రిబ్బన్లు చూశాడు.

"దినాలకొచ్చిండ్రా సారూ?"

ఇక్కడ ఆగి ఒక సంగతి మనవి చేసుకోవాలి. మా వైపు దినం అంటే ఒక్కటే, చనిపోయినవాళ్ళకు పెట్టేది. ఏకవచనంలో అడిగి ఉంటే నాకు అనుమానం వచ్చేది. బహువచనంలో అడిగేసరికి, మనం రోజులన్నదాన్ని వీళ్ళు దినాలంటున్నారు, పోటీలు నాలుగు రోజులు గనుక అలా అడిగాడు అనుకున్నాను.

"అవునండీ, దినాలకే! నాలుగు దినాలకూ వచ్చాం. తెనాలి నుంచి!"

"గంత దూరం నుంచి!" ఆయన రెండు చేతులూ జోడించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి, "కంపెనోళ్ళు వచ్చిండ్రు, ఇస్తార్లు వెయ్యండ్రి!" అని కేకేశాడు. మేం కంపెనీవాళ్ళమే కదా. ఇంత ఆదరణ చూసి ఆంజనేయులు కూడా కరిగిపోయాడు.

పోనీ భోజనం చూసైనా తెలుసుకోవద్దా అని మీరు అడగొచ్చు. భోజనమే మమ్మల్ని ముంచింది. మా ఇళ్ళల్లో దినం భోజనమంటే గారెలు, పప్పు, కూరా, మొహాలు దించుకుని తినడం. మాంసం అన్న మాట ఆ గుమ్మం తొక్కదు. ఇక్కడ మోదుగాకుల ఇస్తారి నిండా బగారన్నం, దాని మీద మటను, పక్కన తలకాయ కూర, బోటి. మట్టి ముంతల్లో ఈతకల్లు. మనుషులు నవ్వుకుంటున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు. చావిల్లని ఎవరు అనుకుంటారు? నేను తిన్న మటను రాసులు పోస్తే ఆ ఊళ్ళో ఇంకో గుట్ట లేచేది. కారానికి నా చెవుల్లోంచి వచ్చిన ఆవిరితో పటాన్‌చెరులో ఒక బాయిలరు నడపొచ్చు. ఆంజనేయులు రెండు ముంతలు తాగి, తనంతట తానే "బాగుంది" అన్నాడు.

అప్పుడు నా కన్ను మైకు మీద పడింది.

విందు తిన్నాక వందన సమర్పణ చెయ్యడం మా ఫ్యాక్టరీలో నా పని. పదవీ విరమణలకూ, ఆయుధ పూజలకూ నేనే. ఖాళీగా ఉన్న మైకును చూస్తే నాకు అన్నం సయించదు. భజనవాళ్ళు పక్కకు పెట్టుకున్న ఆ మైకును చూపించి, తలపాగా పెద్దాయనతో, "అతిథుల తరఫున నాలుగు మాటలు మాట్లాడొచ్చాండీ?" అన్నాను. ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకుని, "మాట్లాడు సారూ. ఇప్పటిదాంక ఎవలు మాట్లాడలే" అన్నాడు.

ఫొటోకు నమస్కరించి మొదలుపెట్టాను. పేరు తెలియదు గనుక మహానుభావుడు అన్నాను.

"ఈ మహానుభావుడు ఆట కోసమే పుట్టాడు. ఆట కోసమే బతికాడు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. శ్రోతలు చురుకైనవాళ్ళని సంతోషించాను.

"ఆట మొదలైతే ఈయనకు ఇల్లూ వాకిలీ గుర్తుండేవి కావు."

నవ్వు ముందు వరసకు వచ్చింది.

"అంతెందుకు, తన సొంత భూమిని సైతం ఆటకు ధారపోసిన త్యాగమూర్తి!"

నా నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో ఒక వాక్యానికి అంత నవ్వు రాలేదు. ఒకాయన కల్లు పొలమారి పక్కవాడి మీద ఊశాడు. ఇంకొకాయన ఇస్తారి మీదికి వంగిపోయి భుజాలు ఊపుతున్నాడు. నేను చెయ్యెత్తి వాళ్ళను శాంతింపజేసి, గొంతు పెంచాను.

"గెలుపోటములు ఆయనకు సమానం!"

"గెల్సింది ఎప్పుడే?" అని ఒక నడివయసు మనిషి అరిచాడు. గుడారం ఊగిపోయింది.

సభ నా చేతిలోకి వచ్చిందని అర్థమైంది. మైకు ప్రకటనల్లో విన్న సరుకు అయిపోవడంతో నా సొంతంగా ఒకటి కల్పించాను. "గెలిచిన నాడు ఒక్కడే కూర్చుని తిన్నవాడు కాదు. పదిమందిని కూర్చోబెట్టుకుని తిన్నాడు."

దీనికి ఎవరూ నవ్వలేదు. ఒక్కరు కూడా. తేలిపోయిన వాక్యం అనుకుని, ముగింపుకు దూకాను.

"ఈ ఊరి యువకులంతా ఆయన చూపిన బాటలో నడవాలి. వచ్చే ఏడాదీ, పై ఏడాదీ, ఏటేటా ఇదే ఇంట్లో ఇలాగే యాటలు కోసి, ఇలాంటి భోజనాలు పెట్టే భాగ్యం ఈ కుటుంబానికి కలగాలని కోరుకుంటూ..."

మైకు నా చేతిలో లేదు. తలపాగా పెద్దాయన లాక్కున్నాడు. నవ్వులు తెగిపోయాయి.

"ఎవలు పంపిన్రు నిన్ను?"

"కార్యదర్శి గారండీ..."

"మా తమ్ముడు పత్తాలల్ల భూమి పోగొట్టిండని ఊరందరికి ఎర్కనే. వాడు పోయి పదకొండు దినాలాయె. దినాల నాడు గూడ, మైకు పట్టి, వాని ఫొటో ముంగట పరాష్కమాడాల్నా? ఏటేటా మా ఇంట్ల దినాలు గావాల్నా నీకు? వాడు కూలికి పోయిన కంపెనోళ్ళని మర్యాద చేసిన. ఇగ మా ఇజ్జత్ ఏముంది సారూ?"

నేను ఫొటో వైపు చూశాను. అప్పటిదాకా దండ చూశాను, మనిషిని చూడలేదు. నా వయసే ఉంటుంది. ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫొటోలోంచి మొహం వరకు పెద్దది చేయించినట్టున్నారు, భుజం మీద వేరే ఎవరిదో చెయ్యి సగం ఉంది.

ఆంజనేయులు నా చెవి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు: "గురూగారూ, దినాలంటే దినం."

తప్పయిపోయిందండీ, దారి తప్పి వచ్చామండీ, వేరే పెద్దమనిషి అనుకున్నామండీ అని ఏవేవో అంటున్నాను. ఆయన వినడం లేదు. ఇంతలో ఇంటి గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

"బావా, ఆ సారును జెర ఇట్ల రమ్మను."

చనిపోయినాయన భార్య. చీర కొంగు నెత్తి మీదికి లాక్కుని గుమ్మం లోపల కూర్చుని ఉంది. నేను వెళ్ళి మెట్టు కింద నిలబడ్డాను. కూర్చోమంది. కూర్చున్నాను.

"మీరు కంపెనీల నుంచి రాలేదా?"

"లేదమ్మా. ఆటల పోటీలకు వచ్చాం. ఓడిపోయాం. ఇంకోచోట మాకు భోజనం పెడుతున్నారు. ఇదే అనుకున్నాను."

"ఏం ఆట?"

"క్యారం బోర్డు."

"పత్తాలు గాదు గద?"

"కాదమ్మా."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీ ఇంటామెకు చెప్పే వచ్చినవా ఆటకు?"

"ఆఫీసు పనని చెప్పాను."

"అందరు గంతే" అంది. కోపంగా కాదు. తెలిసిన సంగతి ఇంకోసారి తెలిసినట్టు అంది. "ఆయన్ని నువ్వు ఎన్నడు సూడలే?" అని అడిగింది.

"ఎప్పుడూ చూడలేదమ్మా."

"మరి గెలిసిన నాడు ఒక్కడే తినలేదని ఎట్ల చెప్పినవ్?"

ఉన్న నాలుగు మాటల్లో నేను కల్పించింది అదొక్కటే.

"గది నిజం సారూ. ఓడినప్పుడు ఓడిండని ఊరంత లెక్కపెట్టిండ్రు. గెలిసినప్పుడు తిన్నోళ్ళు, గా ముచ్చట ఒక్కలు ఎత్తలే. నువ్వొక్కనివే అంటివి." ఆవిడ పెరటి వైపు తిరిగింది. "నా బిడ్డ పొయ్యికాడ ఉండె. దానికి నవ్వుడే ఇనొచ్చింది. అయ్యను అందరు కలిసి నవ్విండ్రని ఏడుస్తున్నది. గా ఒక్క మాట దానికి ఇంకోసారి చెప్పు. రేణుకా!"

పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్ల వచ్చింది. చేతిలో పెద్ద గరిటె. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగ వల్లనో నా వల్లనో. "ఇంకేం చెప్తడమ్మా ఈయన? నవ్విపిచ్చింది సాలలేదా?"

"ఇనవే ఒకపారి."

నా ఎదురుగా మైకు లేదు. చెప్పే ముందు గొంతు సవరించుకోబోయి, మానేశాను.

"అమ్మా, మీ నాన్నగారు నాకు తెలియదు. ఇంకెవరి గురించో అనుకుని, నోటికొచ్చింది అన్నాను."

"గది ఇడిసిపెట్టి మాట చెప్పు సారూ" అంది తల్లి.

చెప్పాను. "గెలిచిన నాడు ఒక్కడే కూర్చుని తినలేదు." అంతే. రెండో వాక్యం కలపబోతే రాలేదు.

ఆ పిల్ల గరిటె కిందికి దించింది. తర్వాత తల్లితో అంది: "ఒకసారి పటాన్‌చెరు నుంచి తపేల నిండ డబల్ కా మీఠా తెచ్చిండు యాదికున్నదా? గల్లీల పోరగాండ్లందరికి పెట్టిండు. నాకే మిగల్లే."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

రేణుక గుమ్మం దాటి గుడారం కిందికి వచ్చింది. గెల్సింది ఎప్పుడే అని అరిచిన నడివయసు మనిషి ముందు ఆగింది. "మల్లేశం కాకా, గా నాడు నువ్వు రెండుసార్లు పెట్టించుకున్నవ్ గద!" అంది, అందరికీ వినబడేటట్టు.

మల్లేశం ఇస్తారిలోకి తల దించాడు. ఎవరూ నవ్వలేదు. తలెత్తకుండానే, "తిన్న బిడ్డా" అన్నాడు.

అప్పుడా పిల్ల నా వైపు తిరిగింది. "నువ్వు ఇస్తారి ముంగట నుంచి లేసి మైకు కాడికి పోయినవ్. బువ్వ అట్లనే ఉన్నది. కూసో, సల్ల పోస్త."

నూటయాభై మంది చూస్తుండగా వెళ్ళి కూర్చున్నాను. ఎంతమందో నిజానికి నేను లెక్కపెట్టలేదు, తలెత్తలేదు. ఆ పిల్ల మజ్జిగ పోసింది. ఆంజనేయులు పక్కన కూర్చుని, నేను మొదలుపెట్టే దాకా ఆగి, నాతోపాటు తిన్నాడు. తిని ఇస్తారి తీసి పారేసి, తలపాగా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నా వైపు చూడలేదు గానీ, చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు పోశాడు.

గుమ్మం దగ్గర ఆవిడకు నమస్కారం పెట్టి, అలవాటు కొద్దీ, "వెళ్ళొస్తామమ్మా" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. చావు జరిగిన ఇంట్లో ఆ మాట అనకూడదు. మా ఊళ్ళోనూ అనరు, వాళ్ళ ఊళ్ళోనూ అనరు. ఆ ఇంట్లో అనకూడనివన్నీ అనేశాక మిగిలింది అదొక్కటే, అదీ అనేశాను.

"రాండ్రి" అంది ఆవిడ. "మా బిడ్డ లగ్గానికి రాండ్రి. మైకు పెట్టియ్యంలే."

ఊరి రెండో చివర తోటలో అసలు విందు అప్పటికి అయిపోయిందని సాయంత్రం కాలనీలో తెలిసింది. పులిహోర, దద్దోజనం పెట్టారట. "ఎక్కడికి పోయార్సార్? వందన సమర్పణ చెయ్యడానికి మనిషి లేక నేనే చేశాను" అన్నాడు కార్యదర్శి. ఆ చాంపియన్‌షిప్పు ఎవరు గెలిచారో నాకు తెలియదు. చివరి ఆట జరుగుతున్నంతసేపూ హాలు బయట గట్టు మీద కూర్చున్నాను.

వచ్చే ఏడాది వెళ్ళేవాళ్ళకు నా సూచనలు. దోమతెర తీసుకెళ్ళండి. జొన్నలు చూడండి. సంగారెడ్డి జైలు బయటి నుంచే చూడండి. ఇంద్రేశంలో గుడారం కనబడితే, తినే ముందు ఫొటోలో ఉన్న మనిషి ఎవరని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. తర్వాత పడే సిగ్గు ముందు అది ఏమంత పెద్దది కాదు.

ఆదివారం రాత్రి సికింద్రాబాదులో రైలెక్కాం. సీట్లు దొరికాయి. ఎదురుగా ఒక బట్టల వ్యాపారి, గుంటూరు వెళ్తున్నాడు. ఇంకా తీయని నా రిబ్బను పువ్వు చూసి పలకరించాడు.

"ఏం పోటీలండీ? ఎంతవరకు వెళ్ళారు?"

ఆంజనేయులు నా వైపు చూశాడు. ఇలాంటి ప్రశ్నకు నేను మామూలుగా సెమీ ఫైనల్ నుంచి మొదలుపెడతాను.

"మొదటి ఆటలోనే పోయానండీ."

వ్యాపారి ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూశాడు. రైలు కదిలింది. ఆయన సంచీలోంచి పొట్లం తీసి, ఒళ్ళో విప్పి, చపాతీలూ బంగాళాదుంప కూరా రెండు భాగాలు చేసి, ఒకటి మా వైపు జరిపాడు.

"తీసుకోండి. ఒక్కణ్ణే తినలేను."

నేను ఆ చపాతీని చేతిలో పట్టుకుని, ఆపుకోలేక అడిగాను. "మీరేమైనా గెలిచారాండీ ఇవాళ?"

ఆయనకు అర్థం కాలేదు. "గెలవడమేంటండీ? ఆకలేస్తోంది" అన్నాడు.